విషయానికి సంబంధం లేదు

గోడలకు చెవులుంటాయంటారు.
ఆ చెవులకు నెలనెలా జీతముంటుందని,
పింఛను కూడా ఉంటుందని ఎవరూ అనరు.
ప్రావిడెన్స్‌లో, ఒక లాండ్రీ మేడ మీద
అలాంటి చెవుల్లో ఒక జత నాది.

లొరెట్టా వోయ్‌చిక్. ఫెడరల్ బ్యూరో టైపిస్టుని.
కింద ఇస్త్రీ యంత్రాలు బుసకొడుతుంటే
పైన హెడ్‌ఫోన్లు తగిలించుకుని
డెవ్‌లిన్ల ఇంట్లో కూర్చునేదాన్ని
ఏడేళ్లు,
ఆ గడప ఒక్కసారీ తొక్కకుండా.

నాకిచ్చిన నియమం చిన్నది.
డబ్బు, ఓట్లు, రేవు, యూనియను,
ఈ మాటలొస్తే టైపు కొట్టు.
తక్కినదంతటికీ ఒకటే పంక్తి:
విషయానికి సంబంధం లేదు.

సెనేటర్ ఆంబ్రోస్ డెవ్‌లిన్ దగ్గబోయే ముందు
కుర్చీ కిర్రుమనేది.
కొడుకు ఫింటన్ అబద్ధమాడబోతే
లైటరు రెండుసార్లు టిక్కుమనేది.
ఈ సంగతి మా బాసుకు చెప్పలేదు.
ఆయన అడగలేదు.

ఫింటన్ కూతురు హొనోరా. తొమ్మిదేళ్లది, నత్తి.
రాత్రి ఎనిమిదింటికి ఫోన్లో
ఆసుపత్రిలో ఉన్న అమ్మమ్మకి కథ చదివేది.
నౌ, నౌ, నౌ అంటూ
రేవు దాటలేక ఆగిపోయేది.
మీటల మీద నా వేళ్లూ ఆగేవి.
నౌక బయల్దేరింది అనేదాకా
లాండ్రీ మేడ మీద ఊపిరి బిగబట్టి ఉండేదాన్ని.
తర్వాత కొట్టేదాన్ని:
విషయానికి సంబంధం లేదు.

క్రిస్మస్‌కి ఆ ఇంటినుంచి మా ఆఫీసుకి
ఎర్ర రిబ్బను కట్టిన పంది తొడ వచ్చేది.
మా బాస్ ప్రెండర్‌గాస్ట్ స్వయంగా కోసి
కాగితం పళ్లేల్లో పంచేవాడు. నాకూ ఒక ముక్క.
చేతులు తుడుచుకుని మేడెక్కి
చెవులకు తగిలించుకుంటే
అవతల పెద్దాయన నవ్వుతున్నాడు:
"ఎముక వేశాం. ఏడాదిదాకా మొరగదు."
అది టైపు కొట్టాను.
పైవాళ్లు చదివారు.
మరుసటేడు ఉప్పు కాస్త తగ్గించమని కబురంపారు.

ఫింటన్ పోటీ చేసిన ఏడు
అవతలి అభ్యర్థి ఫైలు ఒకటి
ఉతికిన చొక్కాల మూటలో ఆ ఇంటికి చేరిందని విన్నాను.
విన్నానంటే మామూలుగానే, హెడ్‌ఫోన్లలో కాదు.
మూట ఎవరు కట్టారో తెలీదు.
తాడు మాత్రం మా కింది షాపుదే.

ఎవరికెవరు భయపడేవారో
ఇప్పటికీ తేల్చుకోలేను.
ఒకరి జుట్టు ఒకరి చేతిలో ఉంటే
ఇద్దరూ వంగే నడవాలి.
దూరంనుంచి చూసేవాళ్లకి
అది నమస్కారంలా కనిపిస్తుంది.

పెద్దాయన పోయినప్పుడు
బ్యూరో తెల్ల లిల్లీల దండ పంపింది.
పదకొండు డాలర్ల నలభై సెంట్లు.
రసీదు నా చేతికొచ్చింది.
ఎక్కడ పెట్టమంటారు అంటే
ఆయన ఫైల్లోనే అన్నాడు ప్రెండర్‌గాస్ట్.
రెండు చిల్లులు పొడిచి
చివరి కాగితంగా గుచ్చాను.

ముప్ఫై ఏళ్లయ్యాక హొనోరా వచ్చింది,
చర్చి హాల్లో శుక్రవారం చేపల వేపుళ్ల దగ్గరికి,
చంకలో అట్టపెట్టెతో.
అర్జీ పెట్టి తెప్పించుకుందట వాళ్ల తాత ఫైలు.
సగం పేజీలకి కాటుక పూసి ఇచ్చారు.
పూయనిచోటల్లా నా పంక్తే.
లెక్కపెట్టిందట, నాలుగువందల పన్నెండు సార్లు.
అడుగున నా పొడి అక్షరాలు.

తాత గురించి అడుగుతుందనుకున్నాను, మూట గురించి.
ప్రమాణపత్రం మీద నా సంతకం ఇంకా బతికే ఉంది,
ఏమని దాటవేయాలో వెతుక్కుంటున్నాను.
ఆమె నూనె మరకల బల్ల మీద ఒక పేజీ తిప్పి
రాత్రి ఎనిమిది గంటల పంక్తి మీద వేలు పెట్టి
"మా అ, అమ్మమ్మ ఏమనేది?" అంది.
"గొంతు మర్చిపోయాను."

చుట్టూ చూశాను.
పంచదార సీసాలు, పిల్లలు, ఎవరిదో తడి గొడుగు.
దగ్గు సర్దుకుని
ఆ ముసలామె ఎలా సాగదీసేదో అలాగే అన్నాను:
"తొందరేం లేదే తల్లీ.
గాలి రానీ."

మళ్లీ అనండి అంది.
అన్నాను.