తగిల్తే ఊ అను

కళ్లు మూసుకో చెంగల్రాయులన్నా,
తగిల్తే ఊ అను, చాలు.

పెనుమూరు ఆసుపత్రి బల్ల మీద
ముప్పయ్యేళ్లు బెల్లంపొయ్యి దగ్గర నిలబడిన కాళ్లు.

నైలాన్ పోగు విల్లులా వంగేదాకా ఆనించాను.
మడమ: ఊ.
బొటనవేలు:
బయట ఆటో ఎవరినో పిలుస్తోంది.

పోగు పక్కన పెట్టేశాక
మళ్లీ ఊ అన్నాడు,
నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక.

ఆనెకాయ కింద చెరుకు పేడు.
పట్టకారుతో లాగాను. నెత్తురొచ్చింది.
ఆయన మొహం కదల్లేదు.

చేతికిస్తే,
పాకం ముదురు చూసే రెండు వేళ్ల మధ్య
దొర్లించి, నొక్కి,
"ఇది పోయినేటి గానుగదమ్మా" అన్నాడు.
"ఈ యేడు ఇంకా
చెరుక్కి కత్తే పెట్టలేదు."