నూక లెక్క

కాశీబుగ్గ గేటు పడ్డప్పుడు మొదలెట్టాను లూపు.
ఆఖరి పాసింజరు పలాస దాటిపోయింది,
అది ఇంకా మూడో వందలోనే ఉంది.
పదివేల సార్లు తిరగాలి.

ఆర్ భాష మర్యాదస్థురాలు.
ప్రతి అంకెనీ గుమ్మంలో ఆపుతుంది,
పూర్ణాంకానివా, అక్షరానివా, అసలు ఉన్నావా లేవా
అన్నీ అడిగి, కాళ్ళకి నీళ్ళిచ్చి
అప్పుడు గానీ లోపలికి రానివ్వదు.
ఒక్కరొస్తే బాగానే ఉంటుంది.
బస్సుడు పెళ్ళివారు దిగితే?

లెక్క దుంపల దాలమ్మది.
జీడిపిక్కల షెడ్డులో పన్నెండేళ్ళు పిక్క కోసింది.
జీడి రసానికి వేలిముద్రలు చెరిగిపోయి
రేషను మిషను ఆమెని ఆమె అని ఒప్పుకోదు.
ఏ రోజు ఎన్ని గుళ్ళు, ఎన్ని బద్దలు, ఎంత నూక
కూతురి పాత నోట్సుల వెనక పేజీల్లో గీతలు పెట్టుకుంది,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
నూక పెరిగిన వారం కూలిలో తరుగు.
"నా సెయ్యి సెడ్డదా, పిక్క సెడ్డదా,
లెక్కల మేడమ్మవి గదా, సెప్పు" అంది.

అందుకే సి లోకి దిగాను.
దానికి మర్యాదల్లేవు.
చిరునామా ఇస్తే తిన్నగా వెళ్ళి తలుపు తోస్తుంది,
మనిల్లో పక్కిల్లో అడగదు.
మొదటి రాత్రి పూర్ణాంకాలు పంపి
దశాంశాలని చెప్పాను.
తిరిగొచ్చిన అంకె ప్రకారం
దాలమ్మ ఒక్క మంగళవారం చేసిన నూక
మహేంద్రగిరి కన్నా ఎత్తు.

రెండో రాత్రి ఇంకా ఘోరం.
ఒకసారి సరిగ్గా వస్తుంది,
ఒకసారి ఉన్నపళంగా కూలబడుతుంది, మాటా పలుకూ ఉండదు.
ఎప్పుడూ జరిగే తప్పు దొరుకుతుంది.
అప్పుడప్పుడూ జరిగేది దెయ్యం.
మూడు రోజులకి తెలిసింది:
ఆర్ ఇంట్లో ఊడ్చే మనిషి ఒకతె ఉంది.
ఎప్పుడొస్తుందో చెప్పదు.
ఎవరి చేతిలోనూ లేనిదంతా ఆమెకి చెత్తే.
సి లో నేనో కొత్త వరుస పేర్చి
ఇది నాది, ఊడవకు, అనడం మరిచాను.

ఒక్క మాట రాయాలి: పట్టి ఉంచు.
పనయ్యాక ఇంకో మాట: వదిలెయ్.
ఎన్ని పట్టామో అన్నే వదలాలి,
ఒకటి తేడా వచ్చినా నిలదీస్తుంది.

ఒకసారి అల్లుడు ఆ నోట్సులన్నీ
పాతపేపర్లవాడి తక్కెట్లో వేశాడట.
దాలమ్మ తక్కెడ కాడ పట్టుకుని నిలబడింది.
అప్పట్నుంచీ అవి బియ్యం డబ్బాలో ఉన్నాయి.
నాకిచ్చిన పేజీల్లోంచి ఇప్పటికీ తవుడు రాలుతుంది.

దిద్దాక, పదివేల తిరుగుళ్ళూ
టీ గ్లాసు కింద పెట్టేలోగా అయిపోయాయి.

అన్నీ కలిపి ప్యాకేజీ కట్టాను.
సాయం పుటలు, నడిచే ఉదాహరణలు,
కర్తల వరుసలో నా పేరు,
దత్తాంశం ఇచ్చినవారు దుంపల దాలమ్మ.
తనిఖీకి పెడితే
తప్పులు సున్నా, హెచ్చరికలు సున్నా,
గమనిక ఒకటి:
శీర్షికలో 'పిక్క' అన్నది అక్షరదోషం కావచ్చు.
నవ్వుకుని అలాగే వదిలేశాను.

జవాబు బొమ్మగా అచ్చు తీసి షెడ్డుకి పట్టుకెళ్ళాను.
రెండో బాయిలరు పిక్క వచ్చిన రోజులే నూక రోజులు.
ఆవిరి చాలక పెంకు చిట్లదు, పప్పు చిట్లుతుంది.
ఆమె చేతికీ దానికీ సంబంధం లేదు.
దాలమ్మ చుక్కలన్నీ గోటితో తడిమింది.
"ఇది నాకు ముందే తెలుసు.
కాయితం లేదు, అంతే."

గుమస్తా ఆ కాయితం తీసుకుని
గల్లాపెట్టె కింద పెట్టాడు, కాలు ఎగుడుదిగుడుగా ఉందని.
ఈ శనివారం కూడా తరుగు కోశారు.

నిన్న కనిపించింది, కొత్త నోట్సుతో.
ఈసారి కొన్నదే, ముందు పేజీ నుంచే మొదలెట్టింది.
గుళ్ళు, బద్దలు, నూక,
వాటి పక్కన వంకర స్కేలుతో గీసిన ఇంకో గడి.
"బాయిలరు నెంబరు" అంది.
"నీ మూటలో దీనికి సోటుందా?"

లేదు.
ఈ రాత్రి చెయ్యాలి.