ఏప్రిల్ నోటీసు

ఇందుమూలంగా ఆల్డర్ ఫాల్స్ ఊరి యావన్మందికీ
తెలియజేయడమేమనగా:
మంచు వెనక్కి తగ్గింది. పూర్తిగా కాదు.
బడి వెనక, ఉత్తరపు గోడ నీడన
నల్లబడ్డ గుట్ట ఒకటి ఇంకా మొండికేసి కూర్చుంది.
పిల్లల్ని దాని మీద జారనివ్వకండి.
లోపల రోడ్డు ఉప్పు, గాజు పెంకులు,
ఒక ఎర్ర సైకిలు హ్యాండిలు కనిపిస్తున్నాయి.
సైకిలు ఎవరిదో వచ్చి చెప్పండి.

మీ ఊళ్ళో ఋతువులు ఎన్నో నాకు తెలీదు,
మాకు ఐదు. అయిదోది బురద.
క్వారీ రోడ్డు మీద ఏడు టన్నులు దాటిన బళ్ళు
మే పదిహేను దాకా తిరగకూడదు.
పాల ట్యాంకరుకి మినహాయింపు,
అదీ తెల్లవారకముందు, నేల ఇంకా బిగుసుకుని ఉండగానే.
పోయిన మంగళవారం స్కూలు బస్సు ఇరుసుదాకా దిగబడితే
ఆర్విన్ పెల్కీ ట్రాక్టరు తెచ్చాడు.
ట్రాక్టరూ దిగబడితే
వాళ్ళ తమ్ముడు సంతలో పందేలకి మేపే ఎద్దుల్ని తోలుకొచ్చాడు.
ఎద్దులు ఎవర్నీ ఏమీ అనలేదు. లాగాయి.

మంచు తోసే బండి తగిలి విరిగిన ఉత్తరాల పెట్టెలకి
ఊరు పరిహారం ఇవ్వదు.
ఏటా రాస్తున్నాను.
ఏటా ఒడెట్ డ్రిస్కల్ విరిగిన పెట్టెని
పసిపిల్లలా చంకన వేసుకుని వస్తుంది,
ఏటా నేను కాఫీ ఇస్తాను.
కాఫీ ఊరి బడ్జెట్లోది కాదు.

ముప్ఫై ఒక్క కుక్కల లైసెన్సు గడువు దాటింది.
పేర్లు రాయను, కుక్కలు చిన్నబుచ్చుకుంటాయి.

గురువారం మంటలార్పే కొళాయిలన్నీ కడుగుతారు.
ఇళ్ళల్లో నీళ్ళు తుప్పు రంగున వస్తాయి,
ఆ పూట తెల్లబట్టలు ఉతక్కండి.
ఎండుటాకులు తగలెయ్యాలంటే వార్డెన్ని అడిగి తగలెయ్యండి.
ఫోను ఎత్తలేదంటే షెడ్డులో మేపుల్ పానకం కాస్తున్నట్టు,
అక్కడికే వెళ్ళండి. ఆవిరిలో మనిషి కనబడడు,
దగ్గు వినబడుతుంది.

కొండ మీద నేల మెత్తబడింది.
డిసెంబరు నుంచి రాతి గదిలో ఆగి ఉన్న నలుగురికీ
మే రెండో వారంలో ఖననం.
కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నాను:
చలికాలం ఇక్కడ గునపం దిగదు.
పోయినవాళ్ళు కూడా వసంతం దాకా ఓపిక పట్టాలి.
శవపేటిక బండి ఏడు టన్నులు ఉండదు,
అయినా కొండ మలుపు దగ్గర అందరూ దిగి
ఒక చెయ్యి వెయ్యాల్సి రావచ్చు.

చెరువు మీద గడియారం ఇంకా తిరుగుతోంది.
మంచు విరిగి, చెక్కబల్ల మునిగి,
తీగ తెగి ముల్లు ఆగిన నిమిషాన్ని
దగ్గరగా ఊహించినవాళ్ళకి డబ్బులో సగం.
మిగతా సగం అంబులెన్సు టైర్లకి.
ఇరవై రెండేళ్ళు ఆ బల్లని మంచు మీదికి
ఈడ్చుకెళ్ళింది మా వెండల్.
ఈసారీ తనే పెట్టాడు, థాంక్స్‌గివింగ్ అయిన మూడో వారం,
దగ్గుతూ, నా మాట వినకుండా.
మొదటి టికెట్టూ తనే కొన్నాడు:
ఏప్రిల్ ఇరవై ఆరు, మధ్యాహ్నం రెండూ నలభై.
ఇప్పుడు రాతి గదిలో నలుగురిలో ఒకడు.

టికెట్టు కొన్నవాళ్ళు బతికుండాలని
నిబంధనల్లో ఎక్కడా లేదు.
నిబంధనలు టైపు చేసింది నేనే.
రెండుసార్లు చదివాను.

రాత్రిళ్ళు చెరువు వైపు నుంచి పెద్ద చప్పుడు వస్తే
దయచేసి నాకు ఫోను చెయ్యకండి.
నాకూ వినిపిస్తుంది. కిటికీ తీసే పడుకుంటున్నాను.

ఇరవై ఆరున మధ్యాహ్నం ఆఫీసు ఉండదు.
పనులున్నవాళ్ళు పొద్దున్నే రండి.
బూట్లు గుమ్మం బయట విప్పి రండి.