ఐదు అక్షరాల ఖాళీ

కళ్యాణదుర్గం నుంచి ఆ అమ్మాయి రాసి పంపిన కాగితం
నాలుగు రోజులుగా మా ఇద్దరి నడుమ చాప మీదే ఉంది.
సంకీర్ణ చాపు. శుభపంతువరాళి.
అంతవరకు తెలిసింది.

పల్లవి మూడోసారి తిరిగినాక మాత్రం
నాలుగు వాయించి ఐదు వదిలేయమంది.
పక్కన పెన్సిలుతో: ‘ఇక్కడ ఊపిరి తీసుకోవద్దు.’

"ఊపిరికి కాకపోతే ఇంక ఆగేదెందుకప్పా?"
హుసేనప్ప పీక ఊడదీసి నీళ్ళలో వేసినాడు.
నేను డోలుపుల్ల చెవి వెనక పెట్టుకుని
వేళ్ళ మీద మళ్ళా వేసినా.
లెక్క సరిపోతాంది.
సంగతే చిక్కల్యా.

రాత్రి కరెంటు పోయినాక ఆయనే అన్నాడు:
మా చేన్లో మూడో బోరు. ఆరు నూర్ల అడుగులు.
బండి ఆపి రాడ్డు మారుస్తా ఉన్నారు.
అందరం ఆ గుంత చుట్టూ వంగి,
దుమ్మో, తేమో,
ఒక్కరం ఊపిరి పీల్చల్యా.

"నీళ్ళు పడినాయా?"
పలకలేదు. పీక తడి చూసుకుంటున్నాడు.

అనంతపురం సభలో, ఆ ఐదు దగ్గర,
ముందు వరుసలో ఒకాయన అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టినాడు.
నా పుల్ల గాల్లోనే ఉంది.
మూడు.
మూలన ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
నాలుగు.

నిషాదం లేచింది,
మొదట రవ్వంత దుమ్ముతో.