గొడుగున్న అక్షరాలు

గుణుపురం సబ్ జైల్లో
కాయితం కూడా లెక్కే.
రెండిచ్చారు నాకు,
ఒకటి తప్పులు రాసుకోడానికి, ఒకటి హైకోర్టుకి.

జీడిపిక్కల కాటా దగ్గర
బస్తాలెన్నో, తరుగెంతో రాసినవాణ్ణి.
చట్టం నాకు తెలిసిందల్లా
నా మీద పడ్డంతే.
సర్కారిచ్చిన వకీలు పేరు
గేటు పక్క బోర్డు మీదుంది.
బోర్డు మాత్రం రోజూ హాజరు.

బుయ్యన్నకి బెయిలొచ్చి ఎనిమిది నెలలు.
కాదు, వచ్చింది బుయాన్ శొబొరోకి.
లోపలున్నది సవర బుయ్యన్న.
రైటరు రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి
"ఆ మనిషి వేరు, ఈ మనిషి వేరు" అని
తాళం మళ్ళీ వేశాడు.

అప్పట్నించీ ఆ రెండోవాడి మీదే బెంగ ఇతనికి.
"ఆడు ఇంటికెల్లిపోయుంటాడా?
వంశధారలో నీరుంటే ఎలా దాటాడో!"

మన అక్షరానికి తలకట్టు,
వాళ్ళ అక్షరానికి గొడుగు.
పర్లాకిమిడిలో ఏడుదాకా తెలుగు బడి నాది.
గొడుగు పట్టడం ఇక్కడే నేర్చుకున్నాను,
చీటీల కేసులో వచ్చిన ఒరియా మాస్టారి దగ్గర.
ఒక్కొక్కటీ గీస్తుంటే
కటకంలో ముసురు పట్టినట్టే ఉంటుంది.

హెబియస్ కార్పస్ అంటే ఏటన్నాడు.
మనిషిని తెచ్చి
జడ్జీగారి ఎదుట నిలబెట్టమని అడగడం, అన్నాను.
"ఏ మనిషిని?" అన్నాడు.

ఆ పూట ఇంకేం రాయలేకపోయాను.

తెల్లారి, తప్పుల కాయితం వెనక మొదలుపెట్టాను:
అయ్యా, పేర్లు రెండు.
ఎడమ చెవికి మూడు బెజ్జాలు,
కుడి పిక్క మీద ఎలుగు గీరిన చార,
రాత్రి రెండింటికి లేచే దగ్గు,
ఇవి ఒక్కొక్కటే.
తమరు పేరుని పిలవొద్దు,
పిలిస్తే ఇద్దరూ పలకరు.
ఒంటిని పిలవండి.

స్టాంపు పాడ్ ఎండిపోయింది.
వంటశాల మసిలో రెండు చుక్కలు ఆవనూనె కలిపి
బొటనవేలు అద్దించాను.
ఆ ముద్రకి తలకట్టు లేదు, గొడుగూ లేదు.
కాస్త అలుక్కుపోయింది.
మళ్ళీ వేయిద్దామంటే మూడో కాయితమేదీ?

కవరు వెళ్ళి పదిహేడు రోజులు.
నిన్న సాయంత్రం కొండమీంచి వాన దిగింది.
చువ్వలు పట్టుకుని చాలాసేపు నిలబడి
బుయ్యన్న అడిగాడు,
"ఆడు మా మేకల్ని లోపల కట్టుంటాడంటావా?"