పద్దెనిమిదో నంబరు సూది

అందరి చేతుల్ల పారలు, తట్టలు.
నా చేతిల నూనె డబ్బా,
స్క్రూడ్రైవర్లు చుట్టిన పాత లుంగీ.
డీసీఎం ములుగు రోడ్డు ఎక్కినంక
ఒక పిల్లగాడు నవ్విండు:
"కుట్టుమిషిన్లు బాగుచేసేటాయన గూడనా!
వరదల బట్టలు చినిగినయనుకున్నడేమో."
నేను గూడ నవ్విన. ఏం చెప్పాలె.
వరంగల్ల ముప్పై ఏండ్లు మిషిన్ల కడుపులు చూసిన చేతులివి,
గడ్డపార పడితే గంటకే బొబ్బలు.

ఊరికన్న ముందు వాసన ఎదురొచ్చింది.
గరిసెల తడిసి మొలకెత్తి
మురిగిన వడ్ల వాసన.
కరెంటు తీగలకు గడ్డి యాలాడుతున్నది,
నీళ్లు ఎంతెత్తుకొచ్చినయో
ఎవ్వరినీ అడిగే పనిలేదు.

మేం తెచ్చిన బట్టల మూటలు విప్పితే
సిగ్గు మా దిక్కు తిరిగింది.
గుండీల్లేని అంగీలు, ఒంటికాలి సాక్సు,
ఎవరి రిసెప్షన్‌దో తళుకుల లెహంగా.
మోకాల్లోతు బురదల నిలబడి
దాన్ని ఎత్తిపట్టుకొని ఒకామె
"ఇది కట్టుకొని మొయ్యాల్నా తట్టలు?" అన్నది.
అంతే. తిట్టలే.
తిడితే బాగుండు.

సరోజన ఇంటికి మూడు గోడలు మిగిలినయి.
నాలుగోది పడ్డకాడ వాకిలి చేసుకున్నరు.
మూలకు మిషిను,
ఎండిన బురదను అంగీ లెక్క తొడుక్కొని.
పాదం కింద ఇంకా గుడ్డ ఉన్నది,
గుడ్డల సూది దిగి ఉన్నది.
కుడుతుంటెనే వచ్చినయంట నీళ్లు.
"ఇగ ఒక్క కుట్టే, ఏసొస్త అంటి.
మా ఓదెలు రెక్క పట్టి గుంజిండు."
"ఎవలదక్కా ఆ జాకెట్?"
"పెండ్లిపిల్లది. అడ్వాన్సు తీసుకున్న, నూటయాభై."
ఆ నూటయాభై సంగతి మూడుసార్లు చెప్పింది.
ఇంటి సంగతి ఒక్కసారి.

గుడ్డ మెల్లగ విడిపించి ఆమె చేతికిచ్చిన.
బాబిన్ పెట్టె తెరిస్తే నత్తగుల్ల.
పండ్లచక్రాల నడుమ ఇసుక,
వాగు ఇసుక, సన్నది, మంచిది,
ఈ ఇల్లు కట్టేటప్పుడు ట్రాక్టరుకింతని కొన్నదే.
కిరసనాయిలు పోసి తుడిచిన,
గుండీల్లేని అంగీలతోని.
అవి అట్ల పనికొచ్చినయి.

రెండు దినాలు మిషిను ఉలకలే పలకలే.
మూడోనాడు పొద్దుగూకంగ
చక్రం అరచుట్టు తిరిగి ఆగింది.
సరోజన నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

అప్పుడొచ్చిండు ఓదెలు,
నెత్తిమీద యూరియా సంచుల కట్ట.
వాగొడ్డుకు గండి, ఆకాశంల మళ్ల మొగులు.
సంచులన్నీ పక్కలు పిగిలి ఉన్నయి,
ఇసుక పోస్తే పోసినట్టే జారుతున్నది.
"నడుస్తదా ఇది?"

జాకెట్లు కుట్టే సూది
మొదటి సంచికే పుటుక్కుమన్నది.
లుంగీ మూట అడుగున వెతికితే
పద్దెనిమిదో నంబరు సూదులు, మూడు.
ఆమె తొక్కింది. నేను సంచి పట్టిన.
వ్యాన్ల నవ్విన పిల్లగాడు టార్చి పట్టిండు,
వాని చెయ్యి వణికినప్పుడల్లా
కుట్టు వంకరపోయింది, పోనీ.
నలభై దాకా లెక్కపెట్టిన, ఆ తరువాత మరిచిన.
కుట్టింది కుట్టినట్టే చీకట్లకు మోసుకపోతున్నరు.
రేకుమీద చినుకు టప్పుమంటే చాలు,
ఆమె కాళ్లు ఇంకింత జోరు.

రెండు సూదులు విరిగినయి.
గండి నిలబడ్డదని
తెల్లారి చాయ్ తాగుకుంట ఎవరో చెప్పిండ్రు,
వానాకాలం ఇంకా రెండు నెలలున్నదని
ఇంకెవరో అన్నరు.

బయలెల్లేముందు సరోజన సన్నసూది అడిగింది.
ఆ జాకెట్ ఉతికి ఆరేసింది, మరక పోలే.
"ఇది పిల్లకియ్యరాదు. కొత్తగుడ్డ కొని కుడత.
అయినా సగంల ఇడువబుద్దైతలేదు."
కూసున్నది. మిగిలిన జానెడు కుట్టింది.
దారం పంటితోని కొరికింది.

ఎక్కబోతుంటే నా చేతిల ఇరవై రూపాయల నోటు పెట్టింది,
సూదులకంట.
వద్దన్న.
ఆమె చూసిన చూపుకు తీసుకున్న.

నా దుకాణం గల్లాల ఉన్నది ఇంకా,
వాగు వాసన కొట్టుకుంట.
చిల్లర లేక గిరాకీ నిలబడ్డప్పుడు
చెయ్యి దాని దాకా పోతది,
పోయి, ఉట్టిగ వస్తది.