నాలుగు వేల నూట ఇరవై ఏడో విత్తు

మొదట ఒక సున్నపు గోడ.
దాని అడుగున మౌస్‌తో ఒక చుక్క. అదే విత్తనమట.
విత్తనానికి ఒక అంకె: నాలుగు వేల నూట ఇరవై ఏడు.
అంకె మారిస్తే మరో తీగ,
పాత అంకె కొడితే మళ్ళీ అదే తీగ, ఆకు తేడా లేకుండా.
ఏ రైతూ ఇంత ధీమాగా విత్తి ఉండడు.

లాషా చెప్పింది ఇంతే:
"మనుషులు వదిలేసి అరవై ఏళ్ళయిన ఊరు.
గోడల నిండా ద్రాక్ష. గురువారానికి."

పట్టు ఎనభై పాళ్ళు. బరువు ముప్పై.
వెలుగు వైపు మొగ్గు, కొంచెం.
మీట నొక్కాను.
అరవై ఏళ్ళు పదకొండు సెకన్లలో గోడెక్కాయి.

చూస్తే
బట్టతల మీద పెట్టుడు జుట్టు.
గాలి పెడితే ఆకులన్నీ ఒకేసారి తలూపుతున్నాయి,
జీతమిచ్చేవాడి ముందు కూర్చున్నట్టు.

రంగులు తీసేసి ఉత్త చట్రం చూశాను.
తెరంతా సన్నటి గీతలు.
తీగా తీగలే, గోడా తీగలే,
పట్టుకునేది ఏదో, పట్టు ఇచ్చేది ఏదో
నాకే తెలియని అల్లిక.

సిగరెట్టుకని బాల్కనీలోకి వచ్చాను.
త్బిలిసీలో, సాబుర్తాలో కొండవాలున, మా తొమ్మిదంతస్తుల మేడ.
కింద కారు షెడ్డు పక్కన ఇరోదీ నాటిన ద్రాక్ష
మూడంతస్తులు ఎక్కి నా కమ్మీల ముందు దాకా వచ్చింది.
ఇరోదీ పోయి పదేళ్ళు.
"ఈసారి ఇరోదీ పుల్లగా కాశాడు" అనుకుంటారు ఇంకా మెట్ల మీద.

ఎన్నేళ్ళుగా దీని పక్కన బట్టలారేస్తున్నాను!
ఇవాళ చూశాను:
దుమ్ము రోడ్డు వైపు ఆకులకే.
లోపలివి పాలిపోయి ఉన్నాయి, ఎండ వాటి వంతు దాకా రాలేదు.
ఒక నులితీగ ఏమీ దొరక్క
తన చుట్టూ తానే చుట్టుకుంది.
ఇంకోటి ఎవరిదో డిష్ యాంటెన్నా మెడ పట్టింది.
గోడను మాత్రం ద్రాక్ష ఎక్కడా ముట్టుకోలేదు.
జానెడు ఎడంగా, ఇనప తీగ మీద నడిచి వస్తోంది.
ఆ ఇనప తీగను కొక్కేనికి కట్టింది
మూడో అంతస్తు ఎతేరీ,
చిరిగిన మేజోడుతో.

"ఏం చూస్తున్నావ్, ఆ కొస అందుకో" అంది కింద నుంచే.
అందుకుని కట్టాను.
"అంత గట్టిగా కాదే మొద్దూ,
కాడ లావెక్కితే కోసుకుపోతుంది.
వేలు పట్టేంత సందు ఉంచు."

వేలు పట్టేంత.
నా దగ్గరున్న మీటల్లో అలాంటి కొలత లేదు.

లోపలికొచ్చి మళ్ళీ మొదలుపెట్టాను.
గోడకీ తీగకీ మధ్య జానెడు నీడ.
దుమ్ము ఒకవైపే.
తీగ లాగితే డొంకంతా కదలాలి, నిజమే,
కానీ ఒక్కసారిగా కాదు.
చిటారు ఆకు ముందు, ముదురు కాడ ఎప్పటికో.
మూడో అంతస్తు కమ్మీ దగ్గర
ఒక నీలి మేజోడు ముడి, వదులుగా.

గురువారం లాషా దగ్గరికి లాక్కుని చూశాడు.
చాలాసేపు చూశాడు.
"బాగుంది. కానీ మనుషుల్లేని ఊళ్ళో
ఇది ఎవరు కట్టారు?"

చెప్పొచ్చు.
మనుషుల్లేని ఊళ్ళో ద్రాక్ష మూడో అంతస్తు ఎక్కదని,
ఇనప తీగ తుప్పుపట్టి తెగి
ఎప్పుడో కుప్పగా నేలమీద పడి ఉంటుందని.
ఆరున్నరైంది. చెప్పలేదు.

మేజోడు తీసేశాను.
తీగను మాత్రం మళ్ళీ పెంచలేదు.
పెంచితే నిటారుగా పోయేది.
ఇప్పుడది మూడో అంతస్తు దగ్గర
ఏమీ లేని చోట
కాస్త వంగి, ఒక మెలిక తిరిగి, పైకి పోతుంది.
దాని గురించి ఎవరూ అడగలేదు.

శుక్రవారం పొద్దున్నే ఎతేరీ తలుపు కొట్టింది,
పాత మేజోళ్ళేమైనా ఉన్నాయా అని.